పల్లం ఎవరి ఆస్తి?

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. నిజం సంగతి దేవుడికే వదిలేద్దాం. పల్లం సంగతి మాత్రం మా గోదావరి డెల్టాలో ఇప్పుడు నీటికి కూడా తెలీదు. ఈ ఏడాది పల్లం ఎవరి ఇంటి ముందు ఉండాలో నిర్ణయించేది రోడ్డు కాంట్రాక్టరు.

పాత సిమెంటు రోడ్డును తవ్వి తీసే పాపం ఎవరూ చేయరు. దాని మీదే ఇంకో అరడుగు పోస్తారు. మా నాన్న మా ఇంటికి మూడు మెట్లు కట్టించారు. రోడ్డుకో మెట్టు లెక్కన రెండు భూగర్భంలో కలిశాయి. ఎదురింటి బాబాయిగారు ముందుచూపున్న మనిషి. లారీల కొద్దీ బుసక మట్టి తోలించి, మూడడుగులు మెరక చేశాకే పునాది తీశారు.

"మీ నీళ్లన్నీ మా వాకిట్లోకే వస్తున్నాయి బాబాయ్‌గారూ" అన్నాను.

"నువ్వూ తోలించుకోరా అబ్బాయ్, ఎవరొద్దన్నారు?" అన్నారు. న్యాయమే. అందరం వంతులవారీగా లేస్తూ పోతే చివరికి నీరే సిగ్గుపడి సముద్రంలోకి పోతుంది.

1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకి ఈ ఉపాయం తట్టలేదు. పంట కాలువల్ని మెరక వెంట నడిపించాడు, చేను తాగగా మిగిలింది పల్లానికి దిగిపోయేలా. ఆ దిగే బోదెల మీద ఇప్పుడు ప్లాట్లున్నాయి. భీమవరం మధ్యనుంచి పోయే యనమదుర్రు డ్రెయిన్ లాంటివి మిగిలినా, వాటిని గుర్రపుడెక్క కబ్జా చేసింది. పోటు సమయంలో సముద్రం కూడా మురుగుని తొందరగా తీసుకోదు. దానికీ బెట్టే.

రూల్స్ లేవనకండి. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, నేల, చెట్ల చట్టం, వాన నీటిని ఇంకించమంటుంది. నేను బుద్ధిగా ఇంకుడు గుంత తవ్వించాను. శ్రావణంలో మా దగ్గర రెండడుగులు తవ్వితే నీళ్లే ఊరతాయి. మా గుంత పుచ్చుకోదు, ఇస్తుంది! ప్లాన్ కాగితంలో మాత్రం దాని బొమ్మ ముచ్చటగా ఉంది.

ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్తే, "మీ ఇల్లు పల్లంలో ఉందండి" అని రోగం కనిపెట్టారు. కాబట్టి నాదో మనవి. మా వాకిలిని వీధి చెరువుగా గెజిట్‌లో వేసి, ఇంటి పన్ను ఎత్తేయండి. నీళ్లు తోడే మోటారు కరెంటు బిల్లు బాబాయిగారికి పంపండి. చేప పిల్లలు నేనే వేసుకుంటాను.

వచ్చే నెల కొత్త రోడ్డుకి కొబ్బరికాయ కొడతారట. మిగిలిన ఆ ఒక్క మెట్టు మీద నిలబడి చూద్దామనుకుంటున్నాను.