వెనక నుంచి ఆ లైట్లు కొట్టడమేంటి?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. బస్సును దాటడానికి కుడి లేన్లోకి వచ్చి, దాదాపు అదే వేగంలో పోతుంటాను. అయినా వెనక ఓ పెద్ద కారు అతుక్కుపోయినట్టు వచ్చి, హైబీమ్ కొడుతూనే ఉంటుంది. అద్దంలో దాని నంబర్ ప్లేటు కూడా కనపడదు, అంత దగ్గర!

120లో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. కుక్క అడ్డమొచ్చి నేను బ్రేకు తొక్కితే, నీ కాలు బ్రేకు మీదికి చేరేలోపే నా డిక్కీలో ఉంటావు. వెనక సీట్లో పిల్లలున్నారయ్యా!

పోనీ, దారి ఇచ్చేదాకా ఆగుతాడా? ఇండికేటరన్నా వేయకుండా ఎడమ నుంచి లారీల మధ్యకు దూరి, కట్ కొట్టి నా ముందుకొస్తాడు. కెమెరా కనపడగానే బ్రేకు, దాటగానే మళ్లీ అదే దూకుడు. నాకైతే ఒళ్లు మండిపోతుంది.

రాత్రిపూట టెయిల్ లైటు లేకుండా పక్కన ఆపే లారీల సంగతి సరేసరి.

ఎక్కినచోటా దిగినచోటా టోల్ గేట్లలో టైమ్ ఎలాగూ నమోదవుతోంది. దాన్నిబట్టి సగటు వేగం లెక్కగట్టి చలానా వేయండి. కెమెరా దగ్గర వేసే బ్రేకు అప్పుడు వాళ్లను కాపాడదు.