ఫంక్షన్ హాల్‌కు ప్లాన్ ఇచ్చే రోజే మా నిద్ర సంగతీ తేల్చండి

తిరుపతిలో ఒక ఫంక్షన్ హాల్ కట్టాలంటే ప్లాన్ ఫైల్లో చాలా విషయాలు అడుగుతారు. ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ సెట్‌బ్యాక్ వదిలారా, కార్లు ఎక్కడ పెడతారు, నిప్పు అంటుకుంటే జనం ఏ దారిలో బయటికి రావాలి. అన్నీ అడగాల్సినవే. మా వీధి చివర హాల్‌కు ఇచ్చిన అనుమతి కాగితాలను సమాచార హక్కు కింద తీసుకుని కాలనీవాళ్లం కూర్చుని చదివాం. ఆ హాల్లో పెట్టే సౌండ్ ప్రహరీ దాటితే ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు. పక్కన ఇళ్లున్నాయన్న సంగతి సైట్ ప్లాన్‌లో గీతలుగా ఉంది. షరతుల్లో మాత్రం ఎక్కడా లేదు.

నా కోపమంతా అక్కడే. పెళ్లివాళ్ల మీద నాకు కోపం లేదు. హాల్ ఓనర్ మీద కూడా పెద్దగా లేదు. అడగని షరతును ఆయన తనంతట తాను ఎందుకు పెట్టుకుంటాడు? ప్లాన్ ఇచ్చే రోజు ఆఫీసులో తేలాల్సిన విషయాన్ని తేల్చకుండా వదిలేశారు. అది ఇప్పుడు ప్రతి ఫంక్షన్ రోజూ రాత్రి పదకొండు గంటలకు మా గేటు దగ్గర గొడవగా మారుతోంది. ఒక పక్క మేము, ఇంకో పక్క హాల్ మేనేజర్, మధ్యలో నైట్ డ్యూటీ కానిస్టేబుల్. ఈ ముగ్గురిలో ఎవరి చేతిలోనూ ఆ సమస్యకు జవాబు లేదు.

ఇది నేను కొత్తగా కోరుతున్నది కాదు, చట్టంలో ఎప్పటి నుంచో ఉన్నదే. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల్లో మూడో నిబంధన చదవండి. డెవలప్‌మెంట్ అథారిటీలు, స్థానిక సంస్థలు టౌన్ ప్లానింగ్ పనులు చేసేటప్పుడు శబ్ద కాలుష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని, దాన్ని జనం జీవన ప్రమాణంలో భాగంగా చూడాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే మన తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అయినా, నగరపాలక సంస్థ అయినా ప్లాన్ పాస్ చేసే ముందు సౌండ్ గురించి ఆలోచించాలి. పోలీసుల కంటే ముందు ఆలోచించాల్సింది వాళ్లే. పాతికేళ్లు దాటిన నిబంధన ఇది.

అవే నిబంధనల్లో అంకెలు కూడా ఉన్నాయి. ఇళ్లుండే ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. రాత్రి అంటే పది గంటల నుంచి పొద్దున ఆరు దాకా. పది డెసిబెల్సే కదా తేడా అనుకోవద్దు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది, చెవికి సుమారు రెండింతల మోతగా తెలుస్తుంది. పడకగదిలో సరిగ్గా నిద్రపట్టాలంటే లోపల 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. అందుకే మాస్టర్ ప్లాన్‌లో ఒక సర్వే నంబర్‌ను నివాస ప్రాంతం నుంచి వాణిజ్య ప్రాంతంగా మార్చినప్పుడు దాన్ని భూమి రేటు వ్యవహారంగా మాత్రమే చూడకూడదంటాను. మ్యాప్ మీద రంగు మారితే, రేపు ఆ చుట్టుపక్కల ఎంత మోత వరకు చెల్లుతుందనే వాదన కూడా మారిపోతుంది. పేపర్లో ఏదో ఓ మూల చిన్న అక్షరాల్లో ఆ నోటీసు వస్తుంది, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. మనం చూడం. గడువు అయిపోతుంది.

ఇక బిజినెస్ ఈవెంట్ల సంగతి. ఒకప్పుడు ఫంక్షన్ హాల్ పక్కన ఇల్లున్నవాళ్లకు పంచాంగమే దిక్కు. ముహూర్తాలున్న నెలల్లో ఎలాగో ఓర్చుకునేవాళ్లు. ఆషాఢం వస్తే ఊపిరి పీల్చుకునేవాళ్లు. మూఢం వచ్చినా, పుష్యం వచ్చినా అంతే. ఇప్పుడు ఆ ఖాళీ లేదు. హాల్ ఖాళీగా ఉంటే ఓనర్‌కు నష్టం కాబట్టి పెళ్లిళ్లు లేని నెలల్లో డీలర్ల మీటింగులు, వెంచర్ లాంచింగులు, ప్రాపర్టీ షోలు, కార్ల మేళాలు, కాలేజీల ఫ్రెషర్స్ పార్టీలు నింపుతున్నారు. వీటికి ముహూర్తంతో పని లేదు, ఏ రోజైనా సరే. పైగా పెళ్లిలో తాళి కట్టాక సందడి తగ్గుతుంది. డీలర్ల మీటింగులో అవార్డులు ఇచ్చి, డిన్నర్ అయ్యాకే అసలు డీజే మొదలు. మరుసటి రోజు టెన్త్ పరీక్ష ఉన్న పిల్లకు ఆ తేడా ఎలా ఉంటుందో మా వీధిలో అందరికీ తెలుసు.

ఈవెంట్లు వద్దని నేను అనడం లేదు. తిరుపతి బతికేదే వచ్చేపోయే జనం మీద. ఒక ఫంక్షన్ జరిగితే వంట మాస్టర్లు, వడ్డించే కుర్రాళ్లు, పూల డెకరేషన్ వాళ్లు, షామియానా వాళ్లు, ఆటో, ట్రావెల్స్ డ్రైవర్లు, పక్క సందులో లాడ్జి, టీ బంకు, ఇంతమందికి నాలుగు డబ్బులు. మా కాలనీలోనే రెండు కుటుంబాలు క్యాటరింగ్ మీద బతుకుతున్నాయి. హాల్ మూసేయమని అర్జీ పెడదామని ఒకాయన అంటే వద్దని వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ వ్యాపారం లాభం ఒకరిదైనప్పుడు దాని ఖర్చు కూడా ఆ వ్యాపారమే భరించాలి. సౌండ్ బయటికి రాకుండా గోడలు కట్టడానికి డబ్బు ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు పెట్టకపోతే ఆ భారం పోయి పక్కింటి బీపీ పేషెంటు మీద, ఆరు నెలల పసిబిడ్డ మీద, తెల్లారి నాలుగింటికి లేచి పాల వ్యాన్ తోలేవాడి మీద పడుతుంది. వాళ్లకు అందులో రూపాయి వాటా లేదు.

"హాల్ ముందే ఉంది, మీరే వచ్చి పక్కన ఇళ్లు కట్టుకున్నారు" అనే మాట ఎక్కువగా వింటుంటాం. కొన్నిచోట్ల అది నిజమే కాబట్టి దీనికి జవాబు చెప్పాలి. కరకంబాడి రోడ్డు, అవిలాల, మంగళం, తిరుచానూరు రోడ్డు వైపు ఊరు పెరిగిన తీరు మనందరం చూశాం. పొలాల మధ్య హాల్ కట్టారు, తర్వాత చుట్టూ లేఅవుట్లు వచ్చాయి. ఆ లేఅవుట్‌కు అనుమతి ఇచ్చింది ఎవరు? హాల్‌కు ఇచ్చినవాళ్లే. పక్కన ఓపెన్ లాన్‌లో రాత్రి పూట ఈవెంట్లు జరుగుతాయని తెలిసే ప్లాట్లు వేయనిచ్చారు. అప్పుడు మధ్యలో ఖాళీ స్థలం వదలమని లేఅవుట్ యజమానికీ చెప్పలేదు, లాన్‌కు కప్పు వేయమని హాల్ యజమానికీ చెప్పలేదు. ఇరవై ఏళ్ల లోను తీసుకుని అప్రూవ్డ్ లేఅవుట్ అన్న నమ్మకంతో ప్లాటు కొన్నవాడిని ఇప్పుడు "నువ్వెందుకు వచ్చావ్" అని అడగడం అన్యాయం.

ఓపెన్ లాన్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. రాత్రి పది తర్వాత మైకులు, డప్పులు, ఏ వాయిద్యమైనా నాలుగు గోడల మధ్య మూసి ఉన్న హాల్లో, లోపలివాళ్లకు వినపడేంత వరకే వాడాలని నిబంధన. ఆడిటోరియం, కమ్యూనిటీ హాల్, బాంక్వెట్ హాల్ లాంటివి. మనదగ్గర చాలాచోట్ల ఉన్నది పైన రేకులు, పక్కన పరదాలు. రికార్డులో అది హాల్. సౌండ్‌కు మాత్రం అది మైదానమే. పైగా మూసిన హాల్ అయినంత మాత్రాన ఎంతైనా పెట్టుకోవచ్చని కూడా కాదు. ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతానికి ఉన్న పరిమితి కంటే 5 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. రాత్రి పది గంటలలోపే కదా అని సాయంత్రం ఏడుకు కిటికీలు అదిరేలా పెట్టేవాళ్లు కూడా ఇది చదవాలి.

ఆ అదురు సంగతి విడిగా చెప్పకపోతే ఈ పోస్టు రాసి ప్రయోజనం లేదు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే ఒక్కోసారి అంకె అంత భయంకరంగా కనిపించదు. కానీ మంచం అదురుతుంటుంది, గుండె మీద ఎవరో గుద్దినట్టు ఉంటుంది. కారణం ఏమిటంటే, మామూలుగా కొలిచే డెసిబెల్ లెక్కలో తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకు, అంటే లోతుగా దడదడలాడే మోతకు, విలువ తగ్గించి వేస్తారు. డీజే బాక్సుల బేస్ అంతా ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది. గోడలు, తలుపులు పాటలోని గొంతును చాలావరకు ఆపుతాయి గానీ బేస్‌ను అంతగా ఆపలేవు. అందుకే మనకు పాట ఏదో తెలియదు, దెబ్బ మాత్రం తెలుస్తుంది. కాబట్టి కొలిచే అధికారులు బేస్‌ను కూడా పట్టే సెట్టింగ్‌లో కొలవాలి. సబ్‌వూఫర్లు (బేస్ పలికించే పెద్ద బాక్సులు) ఎన్ని, ఏ వైపు తిప్పి పెట్టాలి అన్నది కూడా షరతుల్లో రావాలి.

మైకు ఆగాక కూడా రాత్రి అయిపోదు. ఒంటిగంటకు షామియానా వాళ్లు ఇనప పైపులు లారీలోకి విసురుతారు. క్యాటరింగ్ వాళ్లు వీధి వైపు కుళాయి దగ్గర గుండిగలు దొర్లిస్తూ కడుగుతారు. బస్సు రివర్స్ తీసుకుంటూ హారన్. వీటికి పోలీసుల మైక్ పర్మిషన్‌తో సంబంధం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ కుర్రాళ్లను తిట్టి లాభం లేదు, పొద్దున్నే ఆ సామాను ఇంకో ఊళ్లో దింపాలి వాళ్లు. లోడింగ్ జాగా, గిన్నెలు కడిగే చోటు ఇళ్ల వైపు కాకుండా హాల్ వెనక లోపలికి పెట్టమని ప్లాన్‌లోనే గీయించి ఉంటే ఈ బాధ సగం ఉండేది కాదు. జనరేటర్ కూడా అంతే. దానికి సౌండ్ రాని పెట్టె ఉండాలి, ఆ పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదు. మా దగ్గర అది సరిగ్గా ప్రహరీకి ఆనించి ఉంది, అవతల పక్కన ఒక పెద్దావిడ పడకగది.

గంగమ్మ జాతర మోత సంగతేమిటని కొందరు అడుగుతారు. జాతర ఊరందరిదీ. ఏడాదికి ఒక్కసారి మే నెలలో వస్తుంది, ఎవరి ఇంట్లో వాళ్లు కూడా వేషం కడతారు, పొంగళ్లు పెడతారు. చట్టం కూడా ఆ తేడాను గుర్తించింది. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదిలో మొత్తం 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. దాన్ని 2005లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. అదే ఏడాది జులైలో ఇచ్చిన తీర్పులో, వినడం ఇష్టంలేని వాడి చెవిలోకి మైకుతో బలవంతంగా శబ్దాన్ని పంపే హక్కు ఎవరికీ లేదని, ప్రశాంతంగా బతకడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఒక కంపెనీ టార్గెట్లు దాటిన సంబరం ఊరి పండుగ ఎలా అవుతుంది?

112కు ఫోన్ చేయమంటారు. చేశాం. పోలీసులు వస్తారు కూడా. బండి గేటు దగ్గర ఆగగానే సౌండ్ తగ్గుతుంది, బండి మలుపు తిరగ్గానే పెరుగుతుంది. "ఒగరోజే కదా సార్, అడ్జస్ట్ చేసుకోండి" అంటాడు మేనేజర్. ఆయనకు ప్రతి పార్టీ ఒక్కరోజు పార్టీయే. మాకు అదే ఇల్లు. ఫోన్ చేసిన నంబర్ ఎవరిదో వీధిలో తెలిసిపోతుందన్న భయంతో చాలామంది ఫోన్ కూడా చేయరు. ముఖ్యంగా అద్దెకున్నవాళ్లు.

అందుకే సౌండ్ షరతులు అనుమతి కాగితంలోనే ఉండాలని పట్టుబడుతున్నాను. ఇళ్ల పక్కన హాల్‌కు అనుమతి ఇస్తే కప్పు, గోడలు, రెండు వరుసల తలుపులు ఉండాలని రాయండి. సౌండ్ పరిమితి దాటితే స్టేజీ కరెంటు దానంతటదే కట్ అయ్యే లిమిటర్ పరికరాలు దొరుకుతున్నాయి, అది తప్పనిసరి చేయండి. అప్పుడు రాత్రి పూట ఎవరూ ఎవరితోనూ గొడవపడక్కర్లేదు. ఊరేగింపు బ్యాండ్ గేటు లోపలే ఆగాలి. ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ ఏడాది వచ్చిన ఫిర్యాదులు ముందు పెట్టుకుని చూడండి. పరదాల లాన్లకు కప్పు వేసుకోవడానికి కొంత గడువు ఇవ్వండి, అప్పటిదాకా రాత్రి పదికి ఆపమనండి. ఆస్పత్రి, స్కూలు, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్లను సైలెన్స్ జోన్‌గా ప్రకటించే వీలుంది, అక్కడ రాత్రి పరిమితి 40. స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులు ఉన్న వైపు కొత్త హాళ్ల ఫైళ్లు వస్తే ఈ అంకెతోనే మొదలుపెట్టాలి. పెద్ద పెద్ద ఎక్స్‌పోలకు, వేలమంది వచ్చే ఈవెంట్లకు ఇళ్లు దట్టంగా లేని చోట మాస్టర్ ప్లాన్‌లోనే ఒక ప్రాంతం గుర్తించి, దాని చుట్టూ ఇళ్ల లేఅవుట్లు రాకుండా చూస్తే వ్యాపారులకూ అదే మేలు. ఫిర్యాదుల భయం లేకుండా వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు.

మా బైపాస్ వైపు ఇంకో కన్వెన్షన్ సెంటర్‌కు ఫైలు కదులుతోందని వింటున్నాం. ఈ సోమవారం గ్రీవెన్స్‌లో కాలనీ తరఫున అర్జీ ఇస్తున్నాం, ఒక కాపీ ప్లానింగ్ సెక్షన్‌కు, ఒకటి పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు వచ్చి సంతకం పెట్టండి. అద్దెకున్నవాళ్లూ రండి, అర్జీ అసోసియేషన్ పేరు మీదే వెళ్తుంది, మీ పేరు ముందు పెట్టం. మీ వీధిలో ఇలాంటి హాల్ ఉంటే మీరూ విడిగా ఇవ్వండి. హాల్ మూయమని రాయకండి. ప్రహరీ నుంచి మీ ఇంటికి ఎంత దూరమో, జనరేటర్ ఎటు వైపు ఉందో, దగ్గర్లో ఏ స్కూలు, ఏ ఆస్పత్రి ఉన్నాయో రాసి, 2000 నిబంధనల్లో మూడో నిబంధన ప్రకారం సౌండ్ షరతులు ఏం పెట్టారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఇచ్చాక రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.