సొరుగులో సన్యాసం

నిరాడంబర జీవితమంటే నాకు అపారమైన గౌరవం. అందుకే డాలస్ శివార్లలో ఇల్లు, అందులో వంటగదికే పద్నాలుగు సొరుగులు ఉన్నా, ఆ బంధాలన్నీ తెంచుకుని అడవికి పోదామని నిశ్చయించుకున్నాను. అడవికి పోవాలంటే ట్రైలర్ కావాలి, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే బుల్లి ఇల్లు. ట్రైలర్‌కి అరలు కావాలి, అరలకి సొరుగులు కావాలి. వైరాగ్యం ఆర్నెల్లు గ్యారేజీలోనే గడిచింది.

ఇది కొత్త పిచ్చేం కాదు. 1930ల మాంద్యంలోనే అమెరికన్లు కన్నీటి బొట్టు ఆకారంలో ట్రైలర్లు కట్టుకున్నారు. 1947లో, అక్కడ మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, ఇక్కడి పత్రికలు వీటి నక్షలు అచ్చువేశాయి. లోపల పడక, వెనక మూత ఎత్తితే వంటగది. నాది 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. సరిగ్గా ఒక ప్లైవుడ్ షీటంత సంసారం.

ఆ ప్లైవుడ్ సంగతీ చెప్పాలి. ముప్పావు అంగుళం అని అమ్మేది కొలిస్తే 32లో 23 వంతులే. టూ బై ఫోర్ అనే కర్ర నిజానికి ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలే. కూతవేటు దూరమని ప్లాట్లు అమ్మేవాళ్ళని ఇన్నాళ్ళూ అనవసరంగా తిట్టుకున్నాను.

సొరుగు జారే స్లైడ్‌కి ఒక్కోవైపు అర అంగుళం వదలాలి. అంటే 16 అంగుళాల అరకి 15 అంగుళాల సొరుగు. రెండు అరలు ఒకటని ఒకటో క్లాసులోనే చెప్పారు. నేను పీజీ చేసినవాణ్ణి కాబట్టి ఒకవైపే వదిలాను. మూడు సొరుగులు మళ్ళీ కోశాను.

ఇక బరువు. మొత్తంలో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే ట్రైలర్ హైవే మీద తోక ఊపుతుంది. 20 పౌండ్ల సోనామసూరి బస్తా వెనక వద్దని మా ఆవిడకి గంభీరంగా వివరించాను.

"అయితే మీ డ్రిల్లు మిషన్లు దించండి" అంది.

కదిలే బండిలో సొరుగులు తెరుచుకోకుండా లాకింగ్ స్లైడ్లు దొరుకుతాయి. లేదా కాస్త పైకెత్తితేగానీ రాకుండా గాడి పెట్టొచ్చు. మా అమ్మమ్మగారింట్లో అయితే ఒక్క మేకుకి తిరిగే చెక్కముక్క ఉండేది. అలాంటి నాటు పని నేను చేస్తానా? బిగుతుగానే ఉన్నాయి, వాటంతట అవే ఆగుతాయన్నాను.

టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే లోయ చేరి వెనక మూత ఎత్తాం. పై సొరుగు నోరు తెరుచుకుని ఉంది. పోపుల పెట్టె బోర్లాపడింది. ఆరుసార్లు వార్నిష్ కొట్టిన బిర్చ్ చెక్కకి, గడపకి రాసినట్టు పసుపు.

"పోన్లెండి, గృహప్రవేశం కూడా అయిపోయింది" అంది మా ఆవిడ.

ఇప్పుడు ప్రతి సొరుగుకీ మేకు, చెక్కముక్క ఉన్నాయి. కానీ ఆ అర అంగుళం సందుల్లో దూరినవన్నీ ఇంకా పడక మీదికి వస్తూనే ఉన్నాయి. రాత్రి అటు తిరిగితే ఆవాలు, ఇటు తిరిగితే మెంతులు.