స్విస్ ఇంకు: పాల ప్యాకెట్ మార్చిన లెక్క

స్విట్జర్లాండ్‌లో పేపర్ల అచ్చు తగ్గుతోంది. ఫ్రెంచి మాట్లాడే ప్రాంతంలో పేరున్న 'ల మతాం' దినపత్రిక 2018 జులైలో అచ్చు ఆపేసి ఆన్‌లైన్‌కే పరిమితమైంది. పేపర్ ఆగితే ఆ ఇంకుకి గిరాకీ ఉండదు. అయినా ఇంకుల వ్యాపారంలో ఈ చిన్న దేశం మాట చెల్లుతోంది. అది ప్యాకెట్ల మీద వేసే ఇంకు విషయంలో.

2005 నవంబరులో ఇటలీ అధికారులు నెస్లే పసిపిల్లల పాలు దాదాపు 3 కోట్ల లీటర్లు పట్టుకున్నారు. పాలల్లో ఐటీఎక్స్ దొరికింది. అల్ట్రావయొలెట్ కాంతి తగలగానే ఇంకు ఆరిపోవడానికి కలిపే రసాయనం అది. బొమ్మ వేసింది ప్యాకెట్ బయట కదా, పాలల్లోకి ఎలా వచ్చింది? అచ్చయిన అట్టను రోల్‌గా చుడతారు. అప్పుడు ఒక చుట్టు బయటి వైపు, పక్క చుట్టు లోపలి వైపుకి ఆనుతుంది. అక్కడే అంటుకుంది. ఆ మోతాదుతో ఆరోగ్యానికి ముప్పు లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ తేల్చింది. కానీ తల్లిదండ్రుల టెన్షన్ ఆ మాటతో తగ్గేదా?

యూరోపియన్ యూనియన్ ఆ తర్వాత కూడా ఇంకులకంటూ విడిగా చట్టం చేయలేదు. యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్ మాత్రం చేసింది. ఆహార ప్యాకింగ్ ఇంకుల్లో ఏవేవి వాడొచ్చో చెప్పే జాబితా 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. భద్రత పరీక్షించని పదార్థమైతే కిలో ఆహారంలో 0.01 మిల్లీగ్రాముకి మించి కనపడకూడదు. నెస్లే ప్రధాన కార్యాలయం స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలోనే ఉంది. అది తన సరఫరాదారులకు ఇంకుల మీద సొంత నిబంధనలు పెట్టడంతో, స్విస్ జాబితా దేశం దాటి నడిచింది. జర్మనీ తన ఇంకుల చట్టం చేసింది 2021లో.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ప్రభుత్వాలు చేయాల్సిన పని ఒక పెద్ద కొనుగోలుదారు చేతికి వెళ్లింది. పరీక్షల ఖర్చు పెద్ద ఇంకు కంపెనీలు భరిస్తాయి. చిన్న ప్రెస్సుకి అది తలకు మించిన భారం.

స్విట్జర్లాండ్‌లోనే లొసాన్ నగరం పక్కనున్న ఇంకుల కంపెనీ సిక్పా ఈ గొడవంతా లేకుండా వేరే దారి పట్టింది. 1927లో ఆవుల పొదుగుకు రాసే గ్రీజుతో మొదలైన కంపెనీ ఇది. 2005లోనే ప్యాకింగ్ ఇంకుల వ్యాపారాన్ని జర్మనీ కంపెనీ సీగ్‌వెర్క్‌కు అమ్మేసి, కరెన్సీ నోట్ల ఇంకు మీద కూర్చుంది. నోటు అటూ ఇటూ వంచితే రంగు మారే ఇంకు దానికి పేరు తెచ్చింది.

మన దగ్గరా 2018 ఆహార ప్యాకింగ్ నిబంధనల్లో ఇంకుకి ఐఎస్ 15495 అనే భారతీయ ప్రమాణం తప్పనిసరి చేశారు, పేపర్లో తినుబండారాలు కట్టడం నిషేధించారు. మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.