మహారాజశ్రీ మెగాపిక్సెల్ గారికి

ఉభయకుశలోపరి. దసరా దగ్గరపడితే విజయనగరంలో ఏ కెమెరా కొట్టుకెళ్లినా బేరం తమరి పేరుతోనే మొదలవుతోంది. "ఫోన్లో 200 ఉంటే ఇందులో 24 ఏటి?" అని గుంటడు మొహం వేలాడేస్తాడు. తమరంటే పది లక్షల చుక్కలు. ఆ ఫోను పదహారేసి చుక్కల్ని ఒక్కటిగా కలిపి, మామూలుగా చేతిలో పెట్టేది 12.5 మాత్రమేనని తమరు నోరు విప్పరు.

తమరి లెక్క తమరికే అప్పజెబుతాం. 24 అంటే 6000 × 4000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున 12 × 18 అంగుళాల ప్రింటుకి 19.4 చాలు. ఆల్బంలో అతికించే 4 × 6కైతే 2.2. మిగతావన్నీ మెమరీ కార్డులో అద్దె కట్టకుండా కాపురముంటాయి.

సొమ్మంతా తమరికే పోసి, డబ్బాలో వచ్చిన 18-55 ఎం.ఎం. (ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరవుతుంది) లెన్స్‌తో గుంటడు సిరిమానోత్సవానికి వెళ్తాడు. మాను చివర కుర్చీలో పైడితల్లి పూజారి, వెనక తెల్లటి ఆకాశం. కెమెరా ఆకాశం వెలుగునే కొలుచుకుని ఫోటో మొత్తం చీకటి చేస్తుంది, పూజారి నల్లబొమ్మవుతాడు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగుని పెంచే, తగ్గించే అమరిక) ప్లస్ 1కి తిప్పితే మొహం తేలుతుంది. గుడి నుంచి కోటకి మాను మూడుసార్లు తిరిగేసరికి వెలుగు పలచబడుతుంది. ఆటోలో వదిలేస్తే షట్టర్ తెరిచుండే సమయం సెకనులో 1/60వ వంతుకి జారిపోవచ్చు, ఊగే మానుకి కనీసం 1/500 కావాలి. షట్టర్ వేగాన్ని మనమే ఎంచుకునే ఎస్ మోడ్‌లో పెట్టి ఐఎస్ఓని (తక్కువ వెలుగులోనూ ఫోటోని ప్రకాశవంతం చేసే అంకెని) పెరగనివ్వాలి. ఇవేవీ చెయ్యకపోతే మొహం అలుక్కుపోతుంది. అలుక్కుపోయిన ఆ మొహాన్ని 2 కోట్ల 40 లక్షల చుక్కల్లో ఎంత భద్రంగా దాచిపెడతారండీ తమరు!

పెళ్లి మండపంలోనూ తమరి ప్రతాపం ఇంతే. ఆ 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దది). చవకలో దొరికే 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్ దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. అంటే 6400 ఐఎస్ఓలో ఇసక చల్లినట్టుండే ఫోటో 640లో శుభ్రంగా వస్తుంది. పాత బాడీ (లెన్స్ లేని కెమెరా) కొని, మిగిలింది ఇలాంటి లెన్స్ మీద పెడితే తమరికి కోపమొస్తుందేమో!

పోనీ, కత్తిరించి దగ్గరకి లాక్కోడానికైనా తమరు అక్కరకొస్తారు కదా అనుకుందాం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్టెక్కిన గూడబాతుని 55 ఎం.ఎం.తో తీసి, 300 ఎం.ఎం. లెన్సుతో తీసినంత దగ్గరగా కత్తిరిస్తే తమరి 24లో మిగిలేది 0.8.

పాత లెన్స్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చి వేసి చూడమని కొట్లో ఎవరూ చెప్పరు. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో తేమకి ఇది తొందరగా పడుతుంది. తోలు సంచి తేమని పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి. తమరికి బూజు పట్టదు కాబట్టి ఈ బాధ తెలీదు.

వచ్చే దసరాకైనా బోర్డు మీద లెన్స్ పేరు పెద్దక్షరాల్లో, తమరి పేరు చిన్నక్షరాల్లో రాయమని కొట్టువాళ్లకి తమరే ఒక మాట చెప్పండి.

ఇట్లు,
తమరి దయవల్ల జేబులు తేలికైన
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొత్త కెమెరాలవాళ్లు

తా.క. ఈ ఉత్తరాన్ని ఫుల్ హెచ్‌డీ తెర మీద ఫోటోగా తెరిస్తే, ఒక్క చూపులో తమరిలో కనబడేవి రెండే.