శివారుకు నీళ్లందాయా?

జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలవలకు నీళ్లు వదిలాక గోదావరి డెల్టాలో తరచూ వినపడే మాట, "శివారుకు కూడా నీళ్లందాయండి" అని. శివారంటే కాలవ చివరి పొలాలు. లాకుల దగ్గర నీళ్లు చూసుకునే లస్కరుకు అసలు సంగతి తెలుసు. బోదె, అంటే పిల్లకాలవ, చివర ఎకరం చేసుకునే రైతుకు ఇంకా బాగా తెలుసు. అయినా కాగితం పైకి వెళ్లే కొద్దీ నీళ్లు పెరుగుతాయి. పైనున్నాయన ఆ మాటే వినాలనుకుంటున్నాడని కింద వాళ్లకు తెలుసు మరి.

బైబిల్లో సామెతల గ్రంథం 29వ అధ్యాయం 12వ వచనం సరిగ్గా దీని గురించే. రాజు అబద్ధాలకు చెవి ఒగ్గితే అతని ఉద్యోగులంతా దుష్టులవుతారట. రాజు అబద్ధమాడితే అనలేదు, వింటే అంది. నాకు ఈ తేడాయే ముఖ్యం అనిపిస్తుంది.

మన దగ్గర ఈ వచనం మీద ప్రసంగం విన్నది తక్కువ. బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు నరసాపురంలో సువార్త మొదలుపెట్టేనాటికి ధవళేశ్వరం ఆనకట్టే లేదు, అది 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంత పాత సంఘాలున్న చోట "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్నది చిన్నపిల్లలకూ కంఠతా వచ్చు. కానీ అది ఎప్పుడూ కాటా వేసేవాడికే తగులుతుంది. ధాన్యం తేమ 17 శాతం దాటిందని తరుగు తీసేవాడిని తిట్టుకోవడానికి పనికొస్తుంది. పెద్దల వైపు తిరగదు.

బైబిల్లోనే ఇశ్రాయేలు రాజు అహాబు కథ చూడండి. రామోత్గిలాదు అనే పట్టణం మీద యుద్ధానికి వెళ్లనా అని అడిగితే సుమారు 400 మంది ప్రవక్తలు ఒకే గొంతుతో వెళ్లమన్నారు. మీకాయా అనే ప్రవక్త ఒక్కడు మిగిలాడు. "వాడు నా గురించి మంచి చెప్పడు, వాడంటే నాకు గిట్టదు" అని రాజు ముందే అనేశాడు. పిలవడానికి వెళ్లిన మనిషి దారిలోనే మీకాయాకు సలహా ఇచ్చాడు, మిగతావాళ్లలాగే నువ్వూ మంచిమాట చెప్పెయ్యమని. పాపం, అతనిదీ ఉద్యోగమే! నిజం చెప్పినందుకు మీకాయా చెరసాలకు వెళ్లాడు, రాజు యుద్ధంలో చచ్చాడు. ఆ 400 మందీ పుట్టుకతో అబద్ధాలకోరులు అయ్యుండరు. ఏం చెబితే పూట గడుస్తుందో రాజే నేర్పాడు.

ఎమ్మెల్యే చుట్టూ, నీటి సంఘం అధ్యక్షుడి చుట్టూ, ఆఖరికి చర్చి పెద్దల చుట్టూ కూడా ఇలాంటి చిన్న గుంపులు కనిపిస్తూనే ఉంటాయి.

ఇశ్రాయేలుకు న్యాయం తీర్చిన ప్రవక్త సమూయేలు వేరేగా చేశాడు. ముసలితనంలో జనాన్ని పోగేసి, ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా, చెప్పండి అని ఎదురు నిలబడి అడిగాడు. లేదన్నారు. బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా తానే పెట్టిన కొడుకులు లంచాలు తిన్న సంగతి మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు. పెద్దలు అంతకుముందే అతని మొహం మీదే చెప్పారు కూడా. ఆ రోజు నా కొడుకులు మీ మధ్యనే ఉన్నారన్నాడు కానీ, వాళ్ల తరఫున ఆ ప్రశ్న వేయలేదు.