కవరు గారికి 58 డిగ్రీలు కావాలట!

ప్లాస్టిక్ పీడ విరగడైనట్టే. మొక్కజొన్న పిండితో చేసిన కవర్లు బజారుకొచ్చేశాయి. ఇకపై చెత్త ఎక్కడ పారేసినా అది చెత్త కాదు, ఎరువు!

తయారీ బ్రహ్మవిద్యేం కాదు. పిండిలో నీళ్లు, కాస్త గ్లిజరిన్ పోసి ఉడికించి, ఆ గంజిని పలచగా ఆరబెడితే పొరలా లేచి వస్తుంది. స్కూలు సైన్స్ ఫెయిర్లో బహుమతి కూడా వస్తుంది. కాకపోతే తడి తగిలితే మెత్తబడుతుంది, ఎండితే పెళుసెక్కుతుంది. టమాటాలు మోయలేదు. అందుకని ఫ్యాక్టరీలో పీబీఏటీ అనే పాలిమర్ కలుపుతారు. అదీ కుళ్లేదే, కానీ పుట్టిల్లు ఎక్కువగా పెట్రోలియం. కవరు మీద మాత్రం పచ్చటి ఆకు బొమ్మే వేస్తారు. పెట్రోల్ బంకు బొమ్మ వేస్తే ఏం బాగుంటుంది?

ఇక 'కంపోస్టబుల్', అంటే కుళ్లి ఎరువయ్యేది, అనిపించుకోవడానికి పెట్టే పరీక్ష. ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణం ప్రకారం కవరు ముక్కల్ని తడి కంపోస్టులో వేసి, గాలి అందిస్తూ, సుమారు 58 డిగ్రీల వేడిలో ఉంచుతారు. 180 రోజుల్లోపు అందులోని కార్బన్‌లో కనీసం 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారితే పాసు. కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు. మే నెలలో రెంటచింతల కూడా 58 డిగ్రీలు ఇవ్వలేదు, మన వీధి చివరి కుప్ప ఎక్కడ ఇస్తుంది?

ఇంగ్లండులోని ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు ఈ మర్యాదలేవీ చేయకుండా కవర్లను మామూలు మట్టిలో పాతిపెట్టారు, సముద్రపు నీళ్లలోనూ ఉంచారు. 2019లో ఫలితాలు చెప్పారు. కంపోస్టబుల్ కవరు సముద్రపు నీళ్లలో మూడు నెలల్లో మాయమైంది కానీ మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగింది. 'బయోడిగ్రేడబుల్' (సూక్ష్మజీవులు కుళ్లబెట్టేది) అని రాసుకున్న ఇంకో రకమైతే మూడేళ్ల తర్వాత కూడా సరుకులు మోసింది. అంత మన్నిక మామూలు కవరుకుంటే మెచ్చుకునేవాళ్లం!

కాబట్టి మున్సిపాలిటీల వారికి నా మనవి: ప్రతి చెత్తకుప్పకూ ఒక హీటరు, ఒక గాలి పంపు, తడి ఆరకుండా చూసేందుకు ఒక ఉద్యోగి. కరెంటు బిల్లు పర్యావరణ పద్దులో రాసుకోవచ్చు.

మామూలు క్యారీ బ్యాగు 120 మైక్రాన్లకు తగ్గకూడదని చట్టం. కంపోస్టబుల్‌కు ఆ మందం షరతు లేదు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఈ తేడా తెలిశాక మా సంతలో పల్చటి కవర్లన్నీ రాత్రికి రాత్రే కంపోస్టబుల్ అయిపోయాయి. నేనూ ఒకదాన్ని పరీక్షకు పెట్టాను. కవరుకేం కాలేదు. 'కంపోస్టబుల్' అన్న ముద్ర మాత్రం 58 డిగ్రీలు అడక్కుండానే, తడి వేలితో రుద్దగానే పోయింది.